ఆంగ్ల ఋతునామాల ముందు ‘ది’: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంత అభ్యాసకుల దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆంగ్లంలో ఋతువుల పేర్ల ముందు ‘ది’ అనే నిర్దిష్ట ఉపపదం కొన్నిచోట్ల తప్పనిసరిగా వస్తుంది. కొన్నిచోట్ల వచ్చినా రాకపోయినా దోషం లేదు. మరికొన్నిచోట్ల రానే రాదు. పాఠశాల స్థాయిలో మాత్రం ఈ విషయం ‘ఋతువుల పేర్లకు ముందు ది రాదు’ అనే ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. ఈ సూత్రం సమ్మర్, వింటర్ వంటి నాలుగు పేర్లకు కూడా పూర్తిగా వర్తించదు. తెలుగు విద్యార్థి ఎక్కువగా చెప్పవలసివచ్చే వానాకాలం, మామిడి సీజన్ వంటి వాటికి అసలే వర్తించదు. పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగంలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల భాషా వాతావరణాన్నీ కాలస్వభావాన్నీ ఆధారంగా చేసుకొని, తెలుగు వ్యాకరణంలోని నిత్యం, వైకల్పికం, నిషేధం అనే పరిభాషతో ఈ ప్రయోగాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: నిర్దిష్ట ఉపపదం, ఋతునామాలు, వైకల్పికం, సీజన్, ఆంగ్లబోధన, మదనపల్లె, పుంగనూరు, కుప్పం

1. ఉపోద్ఘాతం

మదనపల్లెకు ఆంగ్లంతో ఉన్న అనుబంధం పాతది. అనీబిసెంట్ 1915లో ఇక్కడ కళాశాలను స్థాపించారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ ఊరికి వచ్చి, ఆ కళాశాల ఆవరణలోనే ‘జనగణమన’ను ఆంగ్లంలోకి అనువదించారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఆయన సతీమణి మార్గరెట్ కజిన్స్ ఆ గీతానికి స్వరరచనను లిపిబద్ధం చేశారు. ఆ అనువాదానికి పెట్టిన పేరు ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’. ఆ పేరులో మొదటి మాట ‘ది’. ‘భారతదేశ ప్రభాతగీతం’ అని తెలుగులో అంటే ఆ ‘ది’కి సమానమైన మాట ఎక్కడా కనిపించదు. అయినా అర్థంలో లోటు రాదు.

తెలుగులో కనబడని ఈ చిన్న మాట ఆంగ్లంలో ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో తేల్చుకోవడం తెలుగు విద్యార్థికి ఎప్పుడూ కష్టమే. నదులు, పర్వతశ్రేణులు, వార్తాపత్రికలు మొదలైన వాటి విషయంలో పాఠ్యపుస్తకాలు స్పష్టమైన జాబితాలు ఇస్తాయి. ఋతువుల విషయం అంత తేలికగా జాబితాకు లొంగదు. అందువల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. ‘ఇన్ ది సమ్మర్’ అని సరిగా రాసిన విద్యార్థికి తప్పు పడుతోంది. ‘ఇన్ రెయినీ సీజన్’ అని తప్పుగా రాసిన విద్యార్థికి మార్కు పడుతోంది. దీనికి మూలకారణం ఋతువుల పేర్లన్నిటినీ ఒకే గాటన కట్టడం.

2. తెలుగులో నిర్దిష్టత: ‘కాలంలో’ చెప్పని సంగతి

తెలుగులో నిర్దిష్ట ఉపపదం లేదు గాని నిర్దిష్టత లేకపోలేదు. ‘ఆ’, ‘ఈ’ అనే నిర్దేశక పదాలు ఆ పనిని కొంత చేస్తాయి. ద్వితీయా విభక్తి మరికొంత చేస్తుంది. ‘పుస్తకం చదివింది’ అన్నప్పుడు అది ఏదో ఒక పుస్తకం కావచ్చు. ‘పుస్తకాన్ని చదివింది’ అన్నప్పుడు అంతకుముందు ప్రస్తావనకు వచ్చిన పుస్తకం అనే స్ఫురణ సాధారణంగా కలుగుతుంది. అంటే అమహద్వాచకాల విషయంలో కర్మకు ప్రత్యయం చేరడం, చేరకపోవడం అనే భేదం నిర్దిష్టతను కొంతవరకు సూచిస్తుంది.

అయితే ఋతువుల పేర్లు వాక్యంలో కర్మగా రావడం అరుదు. అవి ఎక్కువగా ‘ఎండాకాలంలో’, ‘చలికాలానికి’ అనే రూపాలలోనే వస్తాయి. ‘లో’, ‘కి’ అనే ప్రత్యయాలు నిర్దిష్టతను చెప్పవు. ‘ఎండాకాలంలో బావులు ఎండుతాయి’ అన్నా, ‘ఎండాకాలంలో మా బావి ఎండిపోయింది’ అన్నా ‘ఎండాకాలంలో’ అన్న రూపం మారదు. మొదటి వాక్యం ఏటా జరిగే దానిని, రెండవది ఒకానొక సంవత్సరంలో జరిగిన దానిని చెబుతున్నాయి. ఆ భేదాన్ని క్రియే తెలియజేస్తుంది. కాబట్టి ‘ది’ గురించి నిర్ణయించుకోవలసిన చోట మాతృభాషలోని నామరూపం విద్యార్థికి ఆధారం కాజాలదు.

ఈ ప్రాంతపు ఇతర భాషలు కూడా ఇక్కడ సాయపడవు. కుప్పం ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాల కూడలిలో ఉంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన చోటు అదే. అక్కడి బాలుడు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం వింటూ పెరగవచ్చు. తెలుగులో ‘వానాకాలం’, తమిళంలో ‘మళైక్కాలం’, కన్నడంలో ‘మళెగాల’ అన్నీ ఒకే తీరున ఏర్పడిన సమాసాలు. ఏ ఒక్క దానికీ ముందు ఉపపదం లేదు. మదనపల్లె, పుంగనూరులలో వినిపించే ఉర్దూలోనూ అంతే. నాలుగు భాషలు తెలిసినా ‘ది’ విషయంలో ఆ పిల్లవాడు ఒక్క భాష తెలిసినవానితో సమానమే.

ఆంగ్లంలోని ‘ది’ కూడా పుట్టుకతో ఉపపదం కాదు. ప్రాచీనాంగ్లంలో అది ‘ఆ’ వంటి నిర్దేశక పదం. కాలక్రమంలో దాని సూచనశక్తి సన్నగిల్లి, ‘వినేవారికి తెలిసినదే’ అనే స్ఫురణ మాత్రం మిగిలింది. తెలుగు ‘ఆ’ ఆ దశకు చేరలేదు. అందుచేత ‘ది’ని ప్రతిచోటా ‘ఆ’ అని అనువదించలేం గాని, చాలాచోట్ల దానిని పరీక్షగా వాడుకోవచ్చు.

3. వైకల్పికం: నాలుగు పేర్ల ప్రత్యేకత

తెలుగు విద్యార్థికి సంధి పాఠంలో నిత్యం, వైకల్పికం అనే మాటలు పరిచితమే. ఉత్వసంధి నిత్యం. ఏమ్యాదులలో ఇత్వసంధి వైకల్పికం. ‘ఏమంటివి’, ‘ఏమియంటివి’ రెండూ సాధువులే. ఒకదానిని రాసినందుకు రెండవది తప్పు కాదు. ఆంగ్ల ఋతునామాల విషయంలోనూ ఇదే దృష్టి అవసరం.

స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్ అనే నాలుగు పేర్లను సామాన్యార్థంలో, అంటే ఏటా వచ్చే కాలం అనే అర్థంలో వాడినప్పుడు ‘ది’ వైకల్పికం. ‘ఇన్ సమ్మర్’, ‘ఇన్ ది సమ్మర్’ రెండూ శిష్టప్రయోగాలే. ‘మదనపల్లె ఈజ్ ప్లెజెంట్ ఇన్ వింటర్’ అన్నా, ‘ఇన్ ది వింటర్’ అన్నా సరైనదే. రెండింటి నడుమ స్వల్పమైన ఛాయాభేదం మాత్రం ఉంది. ‘ది’ లేనప్పుడు ఆ కాలస్వభావం మీద దృష్టి నిలుస్తుంది. ఉన్నప్పుడు సంవత్సరంలోని ఒక భాగంగా దానిని గుర్తిస్తున్నట్టు ఉంటుంది. ఈ భేదం దోషనిర్ణయానికి చాలినంత బలమైనది కాదు.

ఈ వికల్పానికి కారణం ఈ పేర్ల స్వభావమే. ఆంగ్లంలో నెలల పేర్లు, వారాల పేర్లు సంజ్ఞావాచకాలు. వాటిని పెద్దక్షరంతో మొదలుపెడతారు. సాధారణంగా వాటికి ‘ది’ రాదు. ఋతువుల పేర్లను చిన్నక్షరంతోనే రాస్తారు. అంటే అవి పూర్తిగా సంజ్ఞలు కావు, పూర్తిగా జాతివాచకాలూ కావు. సంజ్ఞలాగా ప్రవర్తించినప్పుడు ‘ది’ని విడుస్తాయి. జాతివాచకంలాగా ప్రవర్తించినప్పుడు ‘ది’ని గ్రహిస్తాయి.

అమెరికాలో శరత్కాలాన్ని ‘ఫాల్’ అంటారు. ఆకు రాలే కాలమనే వర్ణన నుంచి వచ్చిన పేరు అది. దానికి ‘పతనం’ అనే సామాన్యార్థం నేటికీ ఉంది. అందుచేత ఆ పేరుకు ‘ది’ చేర్చడమే వాడుక. ‘ఇన్ ది ఫాల్’ అనడమే పరిపాటి. అమెరికా చదువులకు వెళ్లే తెలుగు విద్యార్థులకు ‘ఫాల్ 2025’ అనే మాట బాగా తెలుసు. అక్కడ ‘ది’ ఎందుకు లేదన్న సందేహం సహజం. సంవత్సరసంఖ్యను నేరుగా పక్కన చేర్చినప్పుడు ఆ రెండూ కలిసి ఒక విద్యాకాలానికి పేరవుతాయి. పేరు సంజ్ఞ గనుక ‘ది’ రాదు. అదే విషయాన్ని విడమరచి చెబితే ‘ది ఫాల్ ఆఫ్ 2025’, ‘ది ఫాల్ సెమిస్టర్’ అవుతుంది.

4. నిత్యం: ‘సీజన్’ చేరిన పేర్లు

తెలుగు విద్యార్థికి అన్నిటికంటే ముఖ్యమైన అంశం ఇది. పై వికల్పం నాలుగు పేర్లకు మాత్రమే పరిమితం. ‘రెయినీ సీజన్’ ఆ జాబితాలో లేదు. ఆంగ్లేయుల దేశంలో వానాకాలం అని వేరుగా ఒక ఋతువు లేదు. అందువల్ల వారి భాషలో దానికి ఏకపదంగా పేరు ఏర్పడలేదు. ఉష్ణదేశాల కాలాన్ని చెప్పవలసివచ్చినప్పుడు ‘వానలు కురిసే కాలం’ అని వర్ణించి చెప్పారు. ఆ వర్ణనలో ప్రధానపదం ‘సీజన్’. అది జాతివాచకం, ఏకవచనంలో ఉంది, లెక్కించదగినది. ఇటువంటి పదం ఆంగ్లంలో ఉపపదం గాని, ఆ స్థానంలో నిలిచే మరొక పదం గాని లేకుండా వాక్యంలో నిలవదు. కాబట్టి ‘ఇన్ ది రెయినీ సీజన్’ అనడం నిత్యం. ‘ఇన్ రెయినీ సీజన్’ దోషం.

ఈ దోషం ఎలా పుడుతున్నదో గ్రహించడం కష్టం కాదు. తెలుగులో ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ ఒకే సమాసరీతిలో ఉన్నాయి. విద్యార్థి వాటికి ఆంగ్లంలో సమ్మర్, రెయినీ సీజన్, వింటర్ అని నేర్చుకుంటాడు. మొదటిదానికి, మూడవదానికి ‘ది’ లేకపోయినా చెల్లుతుందని తెలిసినప్పుడు మధ్యదానికీ చెల్లుతుందని భావిస్తాడు. తెలుగు దృష్టితో అది న్యాయమైన అనుమానమే. కాని ఆంగ్లంలో ఆ మూడూ ఒకే జాతి పదాలు కావు.

వ్యవహారంలో ‘సమ్మర్ సీజన్’, ‘వింటర్ సీజన్’ అనే మాటలు తెలుగువారి నోట తరచు వినిపిస్తాయి. ‘సీజన్’ చేరగానే ‘సమ్మర్’కు ఉన్న వికల్పం పోతుంది. ‘ఇన్ సమ్మర్’ సాధువు. ‘ఇన్ ది సమ్మర్ సీజన్’ కూడా సాధువు. ‘ఇన్ సమ్మర్ సీజన్’ మాత్రం అసాధువు.

మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. చిత్తూరు ప్రాంతం తోతాపురి మామిడికి ప్రసిద్ధి. ఇక్కడి రైతు, వ్యాపారి, విద్యార్థి సంవత్సరాన్ని కొలిచేది నాలుగు ఆంగ్ల ఋతువులతో కాదు. టమోటా సీజన్, మామిడి సీజన్, పెళ్లిళ్ల సీజన్ అనే లెక్కలతోనే కొలుస్తారు. ఇవన్నీ ఆంగ్లంలో సాధారణంగా ‘ది మ్యాంగో సీజన్’, ‘ది వెడ్డింగ్ సీజన్’ అన్న తీరున వస్తాయి. తెలుగులో ‘అన్‌సీజన్’ అని వ్యవహరించేదానిని ఆంగ్లంలో ‘ది ఆఫ్ సీజన్’ అంటారు. ‘మామిడి ఇప్పుడు కాపులో ఉంది’ అనే అర్థంలో వచ్చే ‘ఇన్ సీజన్’ మాత్రం వేరు. అది జాతీయం. అందులో ‘ది’కి తావు లేదు.

‘మాన్‌సూన్’ అనే పదానిది మరొక చరిత్ర. అరబ్బీలో ఋతువు అనే అర్థమున్న ‘మౌసిమ్’ పోర్చుగీసు భాష మీదుగా ఆంగ్లంలో చేరి ‘మాన్‌సూన్’ అయింది. ఉర్దూలోని ‘మౌసమ్’కు మూలం కూడా అదే అరబ్బీ పదం. పుంగనూరు వీధిలో వినిపించే ‘మౌసమ్’, వాతావరణ వార్తలలోని ‘మాన్‌సూన్’ అక్కాచెల్లెళ్లన్నమాట. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలు ఈ ప్రాంతానికి వానలిస్తాయి. ఆంగ్లంలో అవి ‘ది సౌత్‌వెస్ట్ మాన్‌సూన్’, ‘ది నార్త్‌ఈస్ట్ మాన్‌సూన్’. వానాకాలాన్ని బహువచనంలో ‘ది రెయిన్స్’ అని కూడా అంటారు. అన్నిటా ‘ది’ ఉంది. పత్రికా శీర్షికలలో ‘ది’ కనిపించకపోవడం స్థలాభావం వల్ల వచ్చిన సంప్రదాయం. శీర్షికను చూసి వాక్యం రాయడం నేర్చుకోకూడదు.

‘ఖరీఫ్’, ‘రబీ’ అనే పేర్లు అరబ్బీలో శరత్తును, వసంతాన్ని సూచించే పదాలు. మన దేశపు ఆంగ్లంలో అవి సంజ్ఞలుగా స్థిరపడ్డాయి. కనుక ‘ఖరీఫ్ 2024’ అని ‘ది’ లేకుండా రాస్తారు. ‘సీజన్’ చేరితే ‘ది ఖరీఫ్ సీజన్’ అనాలి. ఇక్కడా పై సూత్రమే వర్తిస్తుంది.

5. నిత్యం: ఒకానొక సంవత్సరపు ఋతువు

నాలుగు పేర్లకు కూడా ‘ది’ నిత్యమయ్యే సందర్భం ఒకటి ఉంది. అది ఫలానా ఋతువు అని వాక్యంలోనే గుర్తు చెప్పినప్పుడు వస్తుంది. ‘ఆఫ్’తో గాని, విశేషణ వాక్యంతో గాని ఆ గుర్తు వస్తుంది. ‘ది సమ్మర్ ఆఫ్ 1919’ మొదటి రకం. ‘ది వింటర్ వుయ్ స్పెంట్ ఇన్ కుప్పం’ రెండవ రకం. ‘కుప్పంలో మేము గడిపిన చలికాలం’ అని తెలుగులో క్రియాజన్య విశేషణం ముందు వస్తుంది. ఆంగ్లంలో ఆ వివరణ వెనుక వస్తుంది. వెనుక రాబోయే వివరణకు ముందుగా నాటిన గుర్తు వంటిది ‘ది’.

ఠాగూర్ అనువాదపు పేరును ఇక్కడ మళ్లీ చూడవచ్చు. ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’లోనూ ఇదే నిర్మాణం ఉంది. ఏ గీతమన్నది ‘ఆఫ్’ తరువాతి మాట తేల్చింది. ఆ సంఘటన కాలాన్ని చెప్పడంలోనూ ఈ భేదం కనిపిస్తుంది. నెలతో చెబితే ‘ఇన్ ఫిబ్రవరి 1919’ అనాలి, ‘ది’ రాదు. ఋతువుతో చెబితే ‘ఇన్ ది లేట్ వింటర్ ఆఫ్ 1919’ అనాలి, ‘ది’ వస్తుంది. పంచాంగం ప్రకారం అది శిశిరం. చైత్రాది మాసాల పేర్లు కూడా ఆంగ్లంలో సంజ్ఞలే. ‘ఇన్ చైత్ర’ అంటే చాలు. ‘ఇన్ ది మంత్ ఆఫ్ చైత్ర’ అంటే ‘మంత్’ అనే జాతివాచకం మూలంగా ‘ది’ తప్పదు.

6. నిషేధం, ఇతర ఉపపదాలు

‘దిస్’, ‘లాస్ట్’, ‘నెక్స్ట్’, ‘ఎవ్రీ’ అనే పదాలు ప్రస్తుత కాలాన్ని బట్టి ఋతువును గుర్తించినప్పుడు ‘ది’ నిషిద్ధం. ఇక్కడ తెలుగు సరిగ్గా దారి చూపుతుంది. ‘ఈ ఎండాకాలం’, ‘పోయిన ఎండాకాలం’, ‘వచ్చే ఎండాకాలం’, ‘ప్రతి ఎండాకాలం’ అన్నప్పుడు తెలుగులో ‘లో’ సైతం లేకుండా చెప్పవచ్చు. ఆంగ్లంలోనూ ‘ది’ లేదు, ‘ఇన్’ కూడా లేదు. ‘లాస్ట్ సమ్మర్’ అంటే చాలు. గతకథనంలో ‘ఆ మరుసటి ఏటి వేసవి’ అని చెప్పవలసివస్తే మాత్రం ‘ది నెక్స్ట్ సమ్మర్’ అవుతుంది. తెలుగు వాక్యంలో ‘ఆ’ చేరడమే అందుకు సూచన. ‘అవర్’, ‘ఇట్స్’ వంటి షష్ఠ్యర్థక పదాలు వచ్చినా ‘ది’ రాదు.

ఋతువు తీరును వర్ణించేటప్పుడు ‘ది’ బదులు ‘ఎ’ వస్తుంది. ‘ఇట్ వాజ్ ఎ హార్డ్ సమ్మర్’ అంటే ‘అది గడ్డు వేసవి’ అని అర్థం. ఋతునామం మరొక నామానికి విశేషణమైనప్పుడు ఉపపదం ఆ రెండవ నామానిది. మదనపల్లె సమీపంలోని హార్స్‌లీ కొండలు వేసవి విడిది. ‘ఎ సమ్మర్ రిసార్ట్’లోని ‘ఎ’ రిసార్ట్‌కు చెందినది. ‘ది సమ్మర్ హాలిడేస్’లోని ‘ది’ సెలవులకు చెందినది. ఇక్కడ సమ్మర్‌కు ఉపపదంతో నిమిత్తం లేదు.

7. బోధన, మూల్యాంకనం

పై వివరణను తరగతిగదిలో మూడు ప్రశ్నలుగా చెప్పవచ్చు. మొదటిది, తెలుగు వాక్యంలో ఆ కాలం ముందు ‘ఈ’, ‘పోయిన’, ‘వచ్చే’, ‘ప్రతి’ ఉన్నాయా? ఉంటే ‘ది’ రాదు. రెండవది, ‘ఫలానా ఏటి’ అని చేర్చినా అర్థం చెడకుండా ఉందా, ఆ ఏడు ఏదో వాక్యంలో చెప్పారా? చెబితే ‘ది’ నిత్యం. మూడవది, మిగిలిన సందర్భాలలో ‘ఏటా’ అని చేర్చవచ్చు గనుక, ఆంగ్లపదం చివర ఏముంది? సీజన్, మాన్‌సూన్, రెయిన్స్ అని ఉంటే ‘ది’ నిత్యం. సమ్మర్, వింటర్, స్ప్రింగ్, ఆటమ్ మాత్రమే ఉంటే వైకల్పికం.

ఇందులో ఉపాధ్యాయునికి సంబంధించిన బాధ్యత మూడవ ప్రశ్నలో ఉంది. వైకల్పికమైన చోట రెండు రూపాలకూ మార్కు ఇవ్వాలి. ‘ఖాళీని పూరించుము’ అనే ప్రశ్నలలో ‘ఇన్ డాష్ సమ్మర్’ అని ఇచ్చి ఒకే సమాధానాన్ని ఒప్పుకోవడం న్యాయం కాదు. ఆంగ్లగ్రంథాలు ఎక్కువగా చదివిన విద్యార్థి ‘ఇన్ ది సమ్మర్’ అని రాసే అవకాశం ఉంది. అతనికి తప్పు వేస్తే చదివినందుకు శిక్షించినట్టవుతుంది. అటువంటి ప్రశ్న అడగదలిస్తే ‘ఇన్ డాష్ రెయినీ సీజన్’ అని గాని, ‘ఇన్ డాష్ సమ్మర్ ఆఫ్ 1919’ అని గాని అడగడం సమంజసం. వాటికి ఒకే సమాధానం ఉంది. అది విద్యార్థికి నిజంగా అవసరమైనది కూడా.

ఉదాహరణల ఎంపికకూ ఇంతే ప్రాధాన్యం ఉంది. మంచు కురిసే వింటర్, ఆకులు రాలే ఆటమ్ గురించిన వాక్యాలతోనే అభ్యాసం సాగితే, విద్యార్థి తన ఊరి గురించి రాయబోయిన మొదటి వాక్యంలోనే తడబడతాడు. వేరుశనగ విత్తే వానలు, టమోటా ధర పడిపోయే కాలం, మామిడికాయలు మండీకి చేరే వారాలు అభ్యాసంలోకి రావాలి. అప్పుడు ‘ది’ కూడా తన చోటికి వస్తుంది.

8. ఉపసంహారం

‘ఋతువుల పేర్లకు ముందు ది రాదు’ అనే సూత్రం ఇంగ్లండు ఋతువులకు సగం సత్యం, మన ఋతువులకు అసత్యం. నాలుగు ఏకపద నామాలకు సామాన్యార్థంలో ‘ది’ వైకల్పికం. ఫలానా ఏటి ఋతువుకు, సీజన్, మాన్‌సూన్ వంటి జాతివాచకాలతో ముగిసే పేర్లకు నిత్యం. ఈ, పోయిన, వచ్చే, ప్రతి అనే అర్థాలున్నచోట నిషేధం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం విద్యార్థులు సంధిపాఠంలో ఈ మూడు మాటలను ముందే నేర్చుకున్నారు. ఆంగ్లపాఠంలో వాటిని గుర్తుచేస్తే చాలు. తమ నేల వానాకాలాన్ని ఆంగ్లంలో దోషం లేకుండా చెప్పగలగడానికి కావలసిన వ్యాకరణం వారికి తెలుగులోనే అందుబాటులో ఉంది.